ఆరోగ్యవరమున కనుగొన్న వ్యాధియు, డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి మందును

ఇంటికి కావలియుంచిన మనుష్యుడు దొంగ వచ్చినప్పుడు కేకవేసి కఱ్ఱతో తరుముట ధర్మమే. కాని దొంగ మూలగదిలో దాగియుండగా ఆ కావలివాడు ఆవేశముతో లోపల దూరి, కుండలు పగులగొట్టి, గోడలు పడద్రోసి, నిద్రించుచున్న పిల్లలనుగూడ గాయపరచినచో ఆ యింటివారి గతి యేమగును? దొంగవలన కలిగిన నష్టముకంటె కావలివానివలన కలిగిన నష్టమే హెచ్చగును. మన శరీరమునందును ఇట్టి కావలి యొకటి కలదు. రోగములను గలిగించు క్రిములు లోనికి వచ్చినప్పుడు వానిని గుర్తించి చంపుట దాని పని. దీనిని రోగనిరోధకశక్తి యందురు. ఈ శక్తియే లేనిచో శిశువు పుట్టిన కొలదినెలలలోనే ఏదో యొక జాడ్యమునకు బలియగును. ఇట్టి రక్షకశక్తి హద్దుమీరి, తాను కాపాడవలసిన దేహమునే బాధపెట్టుటకు అలర్జీ యని పేరు.

ఇటువంటి వ్యాధి నొకదానిని మన రాయలసీమలోనే, మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరపు మిషను వైద్యశాలయందు 1940వ సంవత్సరమున వైద్యులు స్పష్టముగ వర్ణించిరి. దానికి తగిన మందును ఆ పిమ్మట కొలదియేండ్లకే లోకమున కిచ్చినవారు ఆంధ్రులగు డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. వింత యేమనగా, ఆయన ఆ వ్యాధికొఱకై ఆ మందును వెదకలేదు. అది ఆ వ్యాధిని కుదుర్చునని లోకమునకు రూఢియగుటకు ముందే ఆయన దివంగతులైరి. ఒకరి నొకరు ఎఱుగని మనుష్యుల శ్రమలు ఎట్లు ఒక్కచోట కలిసి రోగిని బ్రదికించునో తెలిసికొనుటకు ఈ మహనీయుని జీవితము మంచి యుదాహరణము. కావున దానిని మన విద్యార్థులకొఱకు ఇచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి మండలమునందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రి రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగము చేసినవారు. సంపాదన స్వల్పము, కుటుంబము పెద్దది. బాలుడగు సుబ్బారావుకు మొదట చదువుమీద మనసు నిలువలేదు. పదమూడవయేట ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడించవలెనని బయలుదేరెను. పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరి. తల్లి మాత్రము ఆశ విడువక, తన యొంటిమీది బంగారమును సైతము అమ్మి చదివించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పగానే జీవితమే ముగిసినదని కుమిలిపోవు బాలురును, బిడ్డ యొకమారు తప్పగానే వానిని మందమతి యని దూషించు తలిదండ్రులును ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

తరువాత మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనసు వైరాగ్యమువైపు తిరిగి, రామకృష్ణమఠమున చేరవలెనని తహతహపడెను. తల్లి యందుల కంగీకరింపలేదు. వైద్యము నేర్చి దీనులకు సేవచేయుటయు సన్న్యాసమువంటిదే యని మనసు కుదుర్చుకొని మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తెయగు శేషగిరి యను కన్యనే 1919లో సుబ్బారావుగారు వివాహమాడిరి. అది గాంధీమహాత్ముని ఉద్యమము ప్రబలిన కాలము. సుబ్బారావుగారు ఖద్దరు వస్త్రము ధరించి శస్త్రచికిత్స తరగతికి పోగా ఆచార్యుడగు ఆంగ్లేయునకు ఆగ్రహము కలిగెను. దాని ఫలితముగా ఈయనకు ఎం. బి. బి. ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువును దొరకలేదు.

ఆ కాలముననే వారి యింట పెద్ద విపత్తు సంభవించెను. స్ప్రూ యను గ్రహణివంటి జాడ్యమువలన ఆయన సోదరులిరువురు కొలదిదినముల యెడములోనే మరణించిరి. ఎంత తిన్నను దేహమున కంటక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎండిపోవు రోగమది. వైద్యము చదివినవాడయ్యు సోదరులను కాపాడుకొనలేకపోతినను దుఃఖము ఆయనను విడువలేదు. పిమ్మట అదే జాడ్యము ఆయనకును సోకెను. ఆంగ్లవైద్యము పనిచేయక, ఆయుర్వేద పండితులును ఆంగ్లవైద్యులును ఐన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి మందువలన కోలుకొనిరి. ఆపైని లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించుచు, ఈ రోగములకు మూలమేమి, మందేమి యని పరిశోధింపవలెనని నిశ్చయించుకొనిరి. అందులకు తగిన ప్రయోగశాలలు ఇచ్చట లేకుండుటచే, మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధివారును ఇచ్చిన ద్రవ్యముతో 1920 దశకపు తొలిభాగమున అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాఖలో చేరిరి.

అచ్చటి జీవితము సుఖమైనది కాదు. చేతనున్న సొమ్ము త్వరలోనే అయిపోయెను. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. రోగుల మలమూత్రపాత్రలు కడుగుట మొదలగు పనులను గూడ ఈ వైద్యపట్టభద్రుడు చేసి పొట్టపోసికొనెను. పిదప సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద జీవరసాయనశాస్త్రమున పరిశోధనలు సాగించిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో కొలుచుటకు వారిరువురు 1925లో ప్రకటించిన పద్ధతి లోకమందలి ప్రయోగశాలలన్నిటను వ్యాపించెను. కండరములు పనిచేయునప్పుడు వానికి బలమిచ్చు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, సమస్తజీవులలోను శక్తికి నాణెమువలె చెల్లుచుండు ఏ. టి. పి. అను పదార్థమును 1929లోను వెల్లడించిరి. 1930లో ఆయనకు పిహెచ్. డి. పట్టము వచ్చెను. కాని హార్వర్డులో స్థిరమగు పదవి మాత్రము దొరకలేదు. కీర్తికై ప్రాకులాడుట ఆయన స్వభావము గాదు. చేసిన పనిలో ఇతరుల పేరు ముందునకు వచ్చినను ఆయన పోరాడలేదు.

1940వ సంవత్సరమున ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లె ఔషధ ప్రయోగశాలలలో చేరిరి. తరువాత అచ్చటి పరిశోధనలన్నిటికిని అధిపతియైరి. ఆయన అచ్చట అడుగుపెట్టిన ఆ సంవత్సరమందే, వేలకొలది మైళ్ల యీవల మన సీమలో జరిగిన దొక సంగతి మనకు ముఖ్యము. దానిని చెప్పి మఱల ఆయన కథకు వత్తము.

మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోనిదే. ఆ యేట చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేర్చబడెను. ఆ యూరికి సమీపమున, ఎత్తైన పొడినేలమీద, పలుమిషనులవారు కలిసి క్షయరోగులకొఱకు స్థాపించిన యూనియన్ మిషను శానటోరియము 1915 నుండి పనిచేయసాగెను. ఆ స్థలమునకు ఆరోగ్యవరమని పేరు. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యులగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ గారు దాని నడిపిరి. క్షయకు మందే లేని దినములవి. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి యాహారము, కొందఱికి శస్త్రచికిత్స, ఇవియే సాధనములు. క్షయ యను మాట వినబడిన యింట ఏమి జరుగునో మన పెద్దలెఱుగుదురు. రోగి కంచము వేఱు, చాప వేఱు. కుదిరిన పెండ్లి చెడును. చెల్లెండ్రకు సంబంధములు రావు. పొలము తాకట్టుపడును. అందుచే, నీకు క్షయ యని వైద్యుడు చెప్పుమాట ఒక న్యాయాధిపతి విధించు శిక్షవంటిది. ఆ మాట పొరపాటున చెప్పబడినచో ఆ యన్యాయమునకు కొలతలేదు.

ఆరోగ్యవరమునకు వచ్చినవారిలో కొందఱు రోగులు ఆ వైద్యుల నాలోచింపజేసిరి. వారికి నెలలతరబడి దగ్గు, ముఖ్యముగ రాత్రులయందు. ఉబ్బసమువలె రొప్పు, కొలదిగ జ్వరము, బరువు తగ్గుట. ఎక్స్-రే పటమున ఊపిరితిత్తులలో చుక్కలవంటి మచ్చలు. ఇవన్నియు క్షయలక్షణములే. కాని కఫమును ఎన్నిమార్లు పరీక్షించినను క్షయక్రిమి కనబడదు. వారి రక్తమును సూక్ష్మదర్శినిలో చూడగా ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మితిమీరి యుండెను. ఈ కణములకు ఆ పేరు వచ్చుటకు కారణమేమనగా, ఇయోసిన్ అను ఎఱ్ఱరంగును అవి గాఢముగ పీల్చుకొనును. 1879లో జర్మనుదేశపు పాల్ ఎర్లిష్ ఈ సంగతిని కనిపెట్టెను. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు ఇవి సాధారణముగ 500కు మించవు. ఈ రోగులలో 3,000కు పైబడి యుండును. డాక్టరు ఫ్రిమోడ్ మోలర్ గారును, వారి సహవైద్యులగు బార్టన్ గారును ఈ వ్యాధి క్షయవలె కనబడినను క్షయ కాదని 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఈ వ్యాధిని వేఱుగా గుర్తించిన తొలివ్యాసములలో ఇది యొకటి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణదేశపు ఇయోసినోఫిలియా యని పేరిడెను. పాషాణము చేరిన మందులు సూదివేసిన కొందఱికి గుణమిచ్చెను గాని అవి విషప్రాయములు. పైగా రోగమునకు మూలమేమో అప్పటి కెవరికిని తెలియదు.

ఆ మూలము తెలియవలెనన్న అలర్జీ పుట్టు విధము కొంత తెలియవలెను. ఈ మాటను 1906లో పుట్టించినవాడు వియన్నా నగరపు శిశువైద్యుడగు క్లెమెన్స్ ఫన్ పిర్కే. గుఱ్ఱపు రక్తమునుండి తీసిన మందును గొంతువాపు జబ్బునకై సూదివేయగా కొందఱు బిడ్డలకు వారము పదిదినములకు జ్వరము, దద్దుర్లు, కీళ్లనొప్పులు వచ్చుటయు, అదే మందును మఱల వేసినచో మఱింత త్వరగ వచ్చుటయు అతడు గమనించెను. బాధపెట్టినది మందులోని విషము గాదు. ఆ పరద్రవ్యమును ఎదిరింపబోయిన దేహముయొక్క స్పందనమే. రోగమునుండి కాచునదియు, ఈ బాధను గలిగించునదియు ఒకే శక్తి యని అతడు గ్రహించెను. మన మెట్టపొలములలో పాముకాటు తిన్నవారికి నేటికిని గుఱ్ఱపు రక్తమునుండి చేసిన విషహరమందునే యిచ్చుచున్నారు. అది ప్రాణము నిలుపు మందు. కాని అలర్జీ పుట్టవచ్చునను జాగ్రత్తతోనే వైద్యులు అడ్రినలిన్ సూదిని ప్రక్కన సిద్ధముగ నుంచుకొని దాని నెక్కింతురు.

దేహమునందు ఈ క్రియ ఎట్లు జరుగును? క్రొత్త పదార్థము లోనికి వచ్చినప్పుడు రక్షకశక్తి దాని యాకారమునకు సరిపడు ప్రతిరక్షకములను, తాళమునకు తగిన చెవివలె, తయారుచేయును. వీనిలో ఐజీఈ అనబడు జాతి యొకటి కలదు. దానిని 1966లో కిమిషిగె ఇషిజాకా, తెరుకొ ఇషిజాకా అను జపాను దంపతులు అమెరికాలో కనుగొనిరి. కొందఱి దేహము నిరపాయమగు పుప్పొడినో, ఇంటిధూళినో, వేరుసెనగ గింజనో శత్రువని భ్రమించి దానికై ఐజీఈని చేయును. అది చర్మమునందును, ముక్కునందును, శ్వాసనాళములందును, ప్రేగులందును ఉండు మాస్టుకణములకు అంటుకొని, పన్నిన ఉచ్చువలె వేచియుండును. మొదటిమారు బాధ యేమియు తెలియదు. ఆ పదార్థమే మఱల వచ్చి ఆ ఉచ్చును తాకినంతనే మాస్టుకణము తనలో దాచుకొన్న హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెలిగ్రక్కును. అప్పుడు సన్నని రక్తనాళములు వదులై నీరు కారును, చర్మము దద్దురెక్కును, ముక్కు కారును, శ్వాసనాళముల కండలు బిగుసుకొని పిల్లికూతలు పుట్టును. దేహమంతట ఒక్కసారి జరిగినచో రక్తపు ఒత్తిడి పడిపోయి నిమిషములలో ప్రాణాపాయమగును. ఈ ద్రవ్యముల పిలుపును విని తరువాత వచ్చు సైన్యమే ఇయోసినోఫిల్ కణములు.

ఇంత సన్నాహము దేవుడు మనుష్యునికి వృథాగ నియ్యలేదు. ప్రేగులలోను, రక్తములోను దూరు పురుగులను ఎదిరించుటకు ఈ ఐజీఈయు, ఇయోసినోఫిల్ కణములును పనికివచ్చును. పురుగు కణముకంటె ఎన్నో రెట్లు పెద్దది; దానిని కణము మ్రింగజాలదు. అందుచే కణములు గుంపుగా దానికి అంటుకొని తమలోని విషమును దానిపై చిమ్మును. చిక్కు ఇచ్చటనే యున్నది. పురుగుమీద చిమ్మిన విషము ప్రక్కనున్న మెత్తని మాంసమునకును తగులును. ఆరోగ్యవరపు రోగుల ఊపిరితిత్తులలో జరుగుచుండినది ఇట్టి యుద్ధమే. కాని ఆ పురుగు ఏది? ఎక్కడ దాగియున్నది? ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు సుబ్బారావుగారి మందు త్రోవచూపెను.

ఆయన జన్మించిన గోదావరిసీమ బోదకాలునకు పేరుపడిన ప్రదేశము. మురుగునీటిలో పెరుగు దోమ కుట్టినప్పుడు ఫైలేరియా పురుగులు దేహమున ప్రవేశించి, శోషరసనాళములలో కాపురముండి, లక్షలకొలది పిల్లలను రక్తములోనికి వదలును. ఆ పిల్లక్రిములు పగలు లోతున దాగి, రాత్రివేళ పైరక్తములోనికి వచ్చును. అందుచేతనే ఈ జబ్బునకు నడిరేయి రక్తపరీక్ష చేయుదురు. కొన్నియేండ్లకు నాళములు పాడై కాలు ఏనుగుకాలువలె వాచును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకును ఈ జాడ్యము సోకెను. అంతవరకు దీనికి వాడుచుండిన అంజనము, పాషాణము మొదలగు వాని మందులు క్రిమికెంత చేటో రోగికిని అంత చేటు. కాటన్ రాట్ అను ఒకజాతి యెలుకలకు సహజముగనే ఇట్టి పురుగు సోకుచుండును. సుబ్బారావుగారు, హ్యూయిట్, కుష్నర్ మున్నగు సహచరులతో కలిసి, అనేక రసాయనములను తయారుచేయించి ఆ యెలుకలమీదను, కుక్కలమీదను పరీక్షించిరి. వానిలో డైఇథైల్ కార్బమజిన్ అను పదార్థము నోటితో మ్రింగినను క్రిములను చంపి, రోగికి పెద్ద కీడు చేయకుండుట కనబడెను. ఈ ఫలితములు 1947లో వెలువడెను. దానికే హెట్రజాన్ అని వ్యాపారనామము.

ఇంతటితో ఆయన కృషి ముగియలేదు. ఫోలిక్ ఆమ్లమను విటమిన్‌ను లెడర్లె వారు 1945లో కృత్రిమముగ తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు గుణమిచ్చుచున్నదని వైద్యులు కనుగొనిరి. సోదరులను మ్రింగిన జాడ్యమునకు ఆయన నడుపు ప్రయోగశాలనుండియే మందు వచ్చెను. ఆ ఫోలిక్ ఆమ్లమునకు ఎదురుగ పనిచేయు అమినోప్టెరిన్ అను మందుతో బోస్టను వైద్యుడగు సిడ్నీ ఫార్బర్ రక్తపు పుండు, అనగా ల్యూకీమియా, గల పసిబిడ్డలకు 1948 నాటికి కొంతకాలమైనను ఉపశమనము కలిగించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు అను మందు నేడు స్వల్పమోతాదులో, తన కీళ్లనే తాను నాశనముచేయు రక్షకశక్తిని అణచుటకు వాడబడుచున్నది. ఆరియోమైసిన్ అను మందును బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రవేత్త ఆయన యాజమాన్యముననే మట్టిలోని బూజువంటి క్రిమినుండి తీసెను.

1948 ఆగస్టు మాసమున ఒక రాత్రి సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. స్వదేశమును విడిచిన పిమ్మట ఆయన మఱల తిరిగిరాలేదు. భార్యయగు శేషగిరమ్మగారు ఎదురుచూచుచు ఇచ్చటనే యుండిపోయిరి. ఆయన అమెరికా పౌరుడుగాను మాఱలేదు. ఘనులకు దొరకు బిరుదులు ఆయనకు దొరకలేదు. విజ్ఞానమునకై ఆయన యిచ్చినదానిలో ఆ యిల్లాలి యొంటరితనమును గూడ లెక్కింపవలెను. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను.

ఇక మనము విడిచిన ప్రశ్నకు వత్తము. 1950 దశకమున హెట్రజాన్‌ను ఉష్ణదేశపు ఇయోసినోఫిలియా రోగుల కిచ్చి చూడగా ఎన్నో నెలల దగ్గు కొలదిదినములలో తగ్గెను. రక్తమందలి ఇయోసినోఫిల్ కణముల సంఖ్య దిగెను. ఫైలేరియా మందు ఈ దగ్గును కుదిర్చినచో, ఈ దగ్గునకు మూలము ఫైలేరియాయే కావలెనని వైద్యులు తలచిరి. కాని ఈ రోగుల రక్తములో, నడిరేయి చూచినను, ఒక్క పిల్లక్రిమియు దొరకదు. 1960లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అను వైద్యులు ఇట్టి రోగుల ఊపిరితిత్తి, కాలేయము, శోషరసగ్రంథులనుండి తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో చూచి, ఇయోసినోఫిల్ కణముల గుంపులనడుమ చిక్కి నశించుచున్న పిల్లక్రిములను చూపిరి. అవి రక్తములో తిరుగకుండుటకు కారణము స్పష్టమయ్యెను. ఊపిరితిత్తుల సన్ననాళములలోనే దేహము వానిని పట్టి చంపుచున్నది.

చదువరులారా, ఇచ్చటి తారతమ్యమును గమనింపుడు. ఒకే పురుగు ఇద్దఱు మనుష్యులలో ప్రవేశించును. ఒకని రక్షకశక్తి మెత్తబడి క్రిములను సహించును. వానికి దగ్గు లేదు గాని రక్తమునిండ క్రిములు, కొన్నియేండ్లకు కాలువాపు. రెండవవాని రక్షకశక్తి ఉగ్రమై ఐజీఈని విస్తారముగ పుట్టించి క్రిములను ఒక్కటియు మిగులనియ్యదు. కాని ఆ యుద్ధమున వాని ఊపిరితిత్తులే రణరంగమగును. మందు లేనిచో ఆ గాయములు గట్టిపడి శాశ్వతముగ ఊపిరి తగ్గును. ఇట్టివానికి కావలివానిని మాత్రము బంధించిన చాలదు, మూలగదిలోని దొంగను వెడలగొట్టవలెను. సుబ్బారావుగారి మందు చేయునది అదియే. సాధారణముగ మూడువారములు వైద్యుని కొలతప్రకారము దానిని మ్రింగుదురు. మఱియొక విశేషము గలదు. ఈ మందు గాజుపాత్రలోని క్రిములను అంతగా చంపదు. దేహములోని రక్షకశక్తి తోడ్పడినప్పుడే దాని ప్రభావము హెచ్చు. రక్తమునిండ క్రిములున్నవాడు దీనిని మ్రింగినచో, చచ్చిన క్రిములపై దేహము రేగి, ఒకటి రెండు దినములు జ్వరము, తలనొప్పి, దురద కలుగవచ్చును. భారతదేశమున 2004 నుండి ఫైలేరియాగల జిల్లాలలో ఇంటింటికి ఈ మాత్రలు పంచినప్పుడు కొందఱు ఈ జ్వరమును చూచి బెదరిరి. అది చాలవఱకు మందు విషము గాదు, క్రిములు చచ్చిన గుర్తే. అయినను అట్టివేళ వైద్యునకు తెలుపుటయే క్షేమము. గర్భిణులకును, రెండేండ్లలోపు శిశువులకును, తీవ్రరోగులకును పంపకములో ఈ మాత్ర నియ్యరు.

మన కర్నూలు, కడప సీమలు మెట్టప్రాంతములు. డెల్టాలవలె బోదకాలు ఇచ్చట విస్తారము గాదు. కాని కఱవుకాలమున కూలికై దూరదేశములకు పోవువారు మనలో ఎందఱో కలరు. వారు ఏ యూరి దోమకాటు తినివత్తురో యెవరికి తెలియును? అందుచే ఎడతెగని రాత్రిదగ్గు గలవానిని చూచినప్పుడు మూడు తప్పులు చేయరాదు. క్షయ యని మనమే తీర్పుచెప్పి వానిని దూరముచేయుట మొదటిది. అలర్జీయేలే యని తలచి కఫపరీక్ష మానుట రెండవది. ఏలయన క్షయ నేటికిని మనదేశమున పెద్దశత్రువు, దానికి ఇప్పుడు మంచి మందులు కలవు. అంగడిలో అడిగి తెచ్చిన మాత్రలతో కాలము గడపుట మూడవది. కఫపరీక్ష, రక్తపరీక్ష, ఎక్స్-రే, ఈ మూడింటిని చూచి వైద్యుడు చెప్పుమాటయే ప్రమాణము. క్షయయే యైనను ఆ రోగి మన సోదరుడే, వాని కంచమును విసరివేయుటకు మనకు హక్కులేదు.

విద్యార్థులారా, మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పిన బాలుడు, పట్టము తగ్గింపబడిన యువకుడు, అన్యదేశమున రాత్రిపనిచేసిన కూలి, ఎందఱి ప్రాణములకో ఆధారమైన విధము చూచితిరి. ఆరోగ్యవరపు వైద్యులు ఒక్క సందేహమును దాచక వ్రాసి ప్రకటించిరి. సుబ్బారావుగారు వారిని చూడకయే మందును సిద్ధపరచిరి. వేలూరివారు ఇరువురి శ్రమకును అర్థము చెప్పిరి. ఇందులో ఏ యొక్కరు తమపని నిర్లక్ష్యము చేసియుండినను, రాత్రియెల్ల దగ్గుచు, తనకు లేని క్షయకై వెలివేయబడిన ఏ యువకుడో నేటికిని అట్లే యుండును. మీ చేతికి వచ్చిన పని చిన్నదైనను దానిని శ్రద్ధతో చేయుడు. దాని ఫలము నెవ్వరు అనుభవింతురో మీకు తెలియకపోయినను చేయుడు. సుబ్బారావుగారికి మనము చెల్లింపగల గౌరవము ఇదియే.